మిస్ ఐవీ ముల్లు ఎత్తిన రోజు

పొయ్యి మీద పప్పు ఇంకా పొంగుకు రాలేదు, కానీ గిన్నె మీది మూత సన్నగా వణకడం మొదలుపెట్టింది. గట్టు మీద పెట్టిన స్టీలు గరిటె కూడా టకటకమంటూ కాస్త పక్కకు జరిగింది. టెక్సాస్‌లో మా ఫ్రిస్కోలో ఇళ్ళన్నీ చెక్కతో కట్టినవే కదా, పైగదిలో ఏం మోగినా వంటింటికి తెలిసిపోతుంది. పాట వినపడటం లేదు. పాట అడుగున ఉండే దడ ఒక్కటే గోడలోంచి దిగి వచ్చి నా అరికాళ్ళకు తగిలింది. స్టవ్ తగ్గించి అలాగే నిలబడిపోయాను. నలభై ఏళ్ళ కిందట రోజూ పొద్దున్న పదకొండింటికి అదే దడ నా కాళ్ళ కిందినుంచి పైకి వచ్చేది.

కాసేపటికి నా మనవరాలు మేఘన ఫోను పట్టుకుని మెట్లు దిగింది. "అమ్మమ్మా, నేనూ జోయీ ఒక సాంగ్ చేశాం. రేపే స్కూల్‌లో సబ్మిట్ చెయ్యాలి. విని చెప్పు. బట్ నిజమే చెప్పాలి, ఓకే?" అంది. జోయీ దాని క్లాసులో పిల్ల. వంటింట్లోనే నిలబడి పాటంతా విన్నాను. "చాలా బావుంది కన్నా, అదిరిపోయింది" అన్నాను. అది నా మెడ చుట్టూ చేతులు వేసి ఒక ముద్దు పెట్టి పైకి పరుగెత్తింది. నిజానికి వింటున్నప్పుడు నాకొక సంగతి తోచింది. పిల్ల మొహం చూస్తే చెప్పడానికి నోరు రాలేదు. మిస్ ఐవీ ఉండి ఉంటే కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి నావంక ఒక చూపు చూసేది.

నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు మొహమాటం. ఎదుటివాళ్ళు ఏం వినాలనుకుంటున్నారో వాళ్ళ మొహంలో చదివి, అదే మాట నా నోటితో చెప్పేయడం. బాపట్లలో మా ఇంట్లో దీన్ని మంచితనం అనేవాళ్ళు, అందుకని ఇది జబ్బని నాకు ఇరవై అయిదేళ్ళు వచ్చేదాకా తెలియనేలేదు. దీనికి మందు వేసింది బ్రాంక్స్‌లో రికార్డుల కొట్టు పెట్టుకున్న ఒక జమైకా ఆవిడ. ఆవిడకి పెళ్ళయి, మొగుడు పోయి, ఎదిగిన కూతురు కూడా ఉంది, అయినా అందరూ మిస్ ఐవీ అనే పిలిచేవాళ్ళు. మనం పేరు చివర గారు తగిలించినట్టు వాళ్ళు పెద్దవాళ్ళ పేరుకు ముందు మిస్ తగిలిస్తారు. ఆవిడ మాట్లాడింది ఆవిడ ఊరి ఇంగ్లీషు, అది నాకు సరిగ్గా అర్థమవడానికి ఆరు నెలలు పట్టింది. నా చెవిలో మిగిలిన తీరుని బట్టి ఆ మాటల్ని ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో మేం ఆవిడ కొట్టు పైనున్న వాటాలో అద్దెకుండేవాళ్ళం. మావారు ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో డ్రాయింగులు గీసేవారు. ఆ రోడ్డు పొడుగునా తలమీద, ఇనప స్తంభాల మీద రైలు పోతుండేది. రైలు పోయినప్పుడు కిటికీలు ఊగేవి. రైలు పోయాక కింద కొట్టులో జమైకా వాళ్ళ రెగే పాట మొదలయ్యేది, అప్పుడు నా స్టీలు డబ్బాలు ఊగేవి. ఒకరోజు పోపుల పెట్టె అలమార అంచుదాకా నడుచుకుంటూ వచ్చి కింద పడింది. ఆవాలు, మెంతులు, జీలకర్ర అన్నీ ఏకమైపోయాయి. నేలమీద కూర్చుని అవి ఏరుకుంటూ ఏడ్చాను. సాయంత్రం మావారు వచ్చి చూసి, "కిందికెళ్ళి చెప్పవోయ్, కొరికెయ్యరు కదా" అన్నారు.

మర్నాడు, చెప్పాల్సిన వాక్యాలు మెట్లమీద నాలుగుసార్లు వల్లించుకుని దిగాను. కౌంటరు వెనక ఎత్తుగా, యాభై దాటినావిడ, తలకి పసుప్పచ్చ గుడ్డ చుట్టుకుని, ఒక రికార్డుని దీపానికి ఎదురుగా పట్టుకుని గీతలేమైనా ఉన్నాయేమోనని చూస్తోంది. నేను నోరు తెరవకముందే ఆవిడే అడిగేసింది.

"పైన ఉండే అమ్మాయివి కదూ? చప్పుడు మరీ ఎక్కువగా ఉందా?"

"అబ్బే, లేదండీ. చాలా బావుంది."

"బావుందా? సంతోషం. అయితే ఇంకాస్త పెంచుతాను" అంది. అనడమే కాదు, పెంచింది కూడా.

ఆ వారమంతా నరకం చూశాను. రెండో పోపుల పెట్టె కూడా పడ్డాక మళ్ళీ దిగివెళ్ళి, ఈసారి చేతిలో ఆ సొట్టపడ్డ పెట్టె పట్టుకుని నిజం చెప్పాను. ఆవిడకి కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. "మరి ఆవేళ బావుందన్నావే?" అంది. మర్యాదకి అలా అన్నానన్నాను. ఆవిడ కళ్ళజోడు జార్చి చూసింది. "అమ్మాయ్, నువ్వు బావుందంటే బావుందనే అనుకుంటాను. నీ మాట వెనక ఇంకో మాట దాగి ఉందేమోనని వెతుక్కుంటూ కూర్చోవడానికి నాకు తీరికెక్కడుంది?" అని, పెద్ద స్పీకర్ని మా వంటింటి కింది గోడ నుంచి లాగి ఎదురు గోడకి చేర్చింది. దాన్ని జరపడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. పని అయ్యాక నాకు టైపు వచ్చా అని అడిగింది. వచ్చని చెప్పాను, అది మాత్రం నిజమే. మర్నాటి నుంచి ఆ కొట్టులో నాకు ఉద్యోగం.

మిస్ ఐవీది వట్టి కొట్టే కాదు. వెనక గదిలో పాటలు రికార్డు చేయించి, తన పేరు మీద కొద్ది కొద్దిగా రికార్డులు అచ్చు వేయించేది. దూరపు ఊళ్ళనుంచి వచ్చే ఉత్తరాలకు జవాబులు టైపు చెయ్యడం, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్రతి పెట్టెలోంచి ఒక రికార్డు తీసి రెండు వైపులా మొదటినుంచి చివరిదాకా వినడం నా పని. వినడానికీ ఒక పద్ధతి ఉంది. రైలు పోతే రికార్డు మీది ముల్లు ఎగిరి గీత పడుతుంది కాబట్టి రెండు రైళ్ళ మధ్యనే పాట పెట్టాలి. ఆవిడకి ఏ గడియారమూ అక్కర్లేదు. నేలమీద చెప్పు విప్పి పాదం ఆనించి, "వస్తోంది, ఆగు" అనేది. అర నిమిషానికి రైలు వచ్చేది.

ఆ రోజుల్లో కొత్తగా వస్తున్న ఒక రకం రెగేని డాన్స్‌హాల్ అనేవాళ్ళు. జనం హాల్లో గుమిగూడి ఆడటానికి చేసిన పాటలు. శనివారం మధ్యాహ్నం మా కొట్టే ఒక హాలైపోయేది. నేను చేరిన మొదటి శనివారం మిస్ ఐవీ బ్యాంకుకి వెళుతూ టర్న్‌టేబుల్ నాకు అప్పగించింది. నేనొక కొత్త పాట పెట్టాను. పట్టుమని పది సెకన్లు కాలేదు, జనమంతా అరచేతులతో కౌంటరు మీద దబదబా బాదుతూ కేకలు పెట్టారు. "సారీ, సారీ" అంటూ ఆ రికార్డు తీసేసి ఇంకోటి పెట్టాను. మళ్ళీ కేకలు, ఈసారి నిజంగానే కోపంగా. అప్పుడే తిరిగి వచ్చిన మిస్ ఐవీ పొట్ట పట్టుకుని నవ్వింది. వాళ్ళు కౌంటరు బాదేది పాట నచ్చితేనట. ఎంత నచ్చిందంటే దాన్ని అలా పోనివ్వకూడదట, ముల్లు ఎత్తి మళ్ళీ మొదటినుంచి పెట్టాలట. ఆవిడ ఆ రికార్డు మళ్ళీ పెట్టింది, వాళ్ళు మళ్ళీ బాదారు, ఆవిడ ముల్లు ఎత్తింది. మూడోసారికి నేనూ కౌంటరు మీద చేయి వేశాను.

ఆ పాట లెన్నీ, ఫిట్జ్ అనే ఇద్దరిది. వాళ్ళే మిస్ ఐవీ కళ్ళలో వెలుగు. లెన్నీది తేనె గొంతు, పాడితే చెయ్యి పట్టుకుని అడిగినట్టుండేది. ఫిట్జ్ పాడడు. వాళ్ళలో డీజే అంటే రికార్డులు పెట్టేవాడు కాదు, తాళం మీద మాటలు విసిరేవాడు. లెన్నీ ప్రేమలో పడి కుమిలిపోతుంటే ఫిట్జ్ మధ్యలో దూరి, ఒరేయ్, ఆ పిల్ల నిన్నసలు చూసిందా అని ఆటపట్టించేవాడు. బుర్రకథలో కథకుడి పక్కన నిలబడి ఎదురుప్రశ్నలు వేసే వంతగాడు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చేది. వాళ్ళ మొదటి ఆల్బం అట్ట మీది ఫోటో పక్క మంగలి షాపులోనే తీశారు. ఇద్దరూ రెండు కుర్చీల్లో గడ్డానికి నురగతో, ఒకడు కళ్ళు మూసుకుని, ఇంకొకడు నాలుక బయటపెట్టి. ఫిట్జ్ నన్ను మిసెస్ అప్‌స్టెయిర్స్ అనేవాడు. ఆ ఆల్బం క్యాసెట్ ఒకటి పైన నా వంటింట్లో ఉండేది. కూర తరిగేటప్పుడు అదే, గిన్నెలు తోమేటప్పుడు అదే.

ఆ ఆల్బం మా వీధి దాటి ఎవరెవరి చెవినో పడింది. ఒక మధ్యాహ్నం మన్‌హాటన్ నుంచి ఒక పెద్ద రికార్డు కంపెనీ మనిషి వచ్చాడు. పేరు కెల్లర్. చెడ్డవాడేం కాదు, నెమ్మదస్తుడు. ఫిట్జ్ కోసమని నేను తెచ్చిన గారెలు నాలుగు తిని, ఇంత రుచి ఎన్నడూ ఎరగనన్నాడు. రెగే వినని అమెరికా వాళ్ళకి కూడా వీళ్ళ పాట వినిపించగలనని, కాకపోతే ఆ మధ్యలో మాట్లాడే మనిషిని తగ్గించాలని చెప్పాడు. ఒకే పాటకి రెండు నమూనాలు చేయించుకొచ్చాడు. ఒకదాంట్లో ఇద్దరూ ఉన్నారు, రెండోదాంట్లో లెన్నీ ఒక్కడే. రెండూ విన్నాక నావైపు తిరిగాడు. "మీరు జమైకా వారు కాదు, మామూలు శ్రోత. మీకేది నచ్చింది?" అన్నాడు.

కొట్టంతా నావంకే చూసింది. ఫిట్జ్ రికార్డుల పెట్టె ఒకటి భుజాన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కెల్లర్ మొహం చూశాను, ఏ జవాబు కావాలో స్పష్టంగా కనపడుతూనే ఉంది. ఇంటికొచ్చిన మనిషి, పైగా నా గారెలు మెచ్చుకున్నాడు.

"రెండోది" అన్నాను. "చాలా తీయగా ఉంది."

ఫిట్జ్ పెట్టె దించి, చేతులు దులుపుకుని బయటికి వెళ్ళాడు. మిస్ ఐవీ అందరి ముందూ నన్నేమీ అనలేదు. కెల్లర్ని సాగనంపి వచ్చి, నా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. "మీ వంటింటి పైపులోంచి నాకు రోజూ పాట వినపడుతుంది. అందులో ఎంతమంది ఉంటారు?" అంది.

"ఇద్దరు."

"మరి ఇందాక మాట్లాడింది ఎవరు?"

ఆ సాయంత్రం క్యాసెట్ పెట్టబుద్ధి కాలేదు.

లెన్నీ ఒక్కడి పాట బయటికొచ్చింది. రేడియోలో రోజూ వేశారు. ఎన్నడూ మా వైపు అడుగుపెట్టనివాళ్ళు రైలెక్కి వచ్చి ఆ పాట కావాలని అడిగేవాళ్ళు, నేను కవర్లో పెట్టి ఇచ్చేదాన్ని. ఫిట్జ్ రావడం మానేశాడు. స్కూలు బస్సు నడుపుతున్నాడని తెలిసింది. నా ఒక్క మాట వల్లే ఇదంతా జరిగిందా అని మిస్ ఐవీని అడిగాను. "మరీ అంత గొప్పదానివనుకోకు" అంది. "వాళ్ళ లెక్కలు వాళ్ళకున్నాయి. కానీ నీ దగ్గరొక మాట ఉంది, అడిగినప్పుడు దాన్ని దాచేశావు. నీ వాటా అంతే." తిట్టినా బాగుండేదనిపించింది.

నెల తర్వాత ఫిట్జ్, కొట్టులో వదిలేసిన కోటు కోసం వచ్చాడు. నేనొక్కదాన్నే ఉన్నాను. అతను కోటు వేసుకుని, గుండీలు పెట్టుకుంటూ అన్నాడు. "మిసెస్ అప్‌స్టెయిర్స్, నా మాటలు నచ్చడం లేదని ముందే చెప్పాల్సింది. నేను మార్చుకునేవాణ్ణి కదా. మొన్న కొంచెం నెమ్మదిగా చేసి చూశాను, జోకులు తీసేశాను. కానీ కుదరడం లేదు."

నిష్ఠూరంగా అనలేదు. నా మాట పూర్తిగా నమ్మాడు, అంతే. నమ్మి, బస్సు దిగాక ఇంటికెళ్ళి, తన గొంతుని తనే చెరిపేసుకోవడం మొదలుపెట్టాడు. మొహమాటానికి నేనన్న మాటని ఒక మనిషి ఇన్నాళ్ళుగా మోస్తున్నాడని అప్పుడు తెలిసింది. అబద్ధం చెప్పానని ఆ క్షణంలో అనాల్సింది. నాలుక తిరగలేదు. సిగ్గేసింది. అతను వెళ్ళాక వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను.

చలికాలం వెళ్ళాక కెల్లర్ మళ్ళీ వచ్చాడు. ఈసారి పూర్తి ఆల్బం కోసం, కాగితాలతో సహా. అట్ట మీద లెన్నీ ఒక్కడి పేరే ఉంటుంది. పాటలన్నీ అప్పటికే ఇద్దరూ కలిసి రికార్డు చేసి ఉన్నారు, ఆ టేపులు మిస్ ఐవీ దగ్గరున్నాయి. వాటిల్లోంచి ఫిట్జ్ గొంతు తీసేస్తే సరిపోతుందన్నాడు. లెన్నీ కూడా వచ్చాడు. కౌంటరు చివర తల వంచుకుని, వేళ్ళతో అట్టముక్క ఒకటి చింపుతూ కూర్చున్నాడు. అతని మొహం చూస్తే నా మొహమే అద్దంలో చూసుకున్నట్టనిపించింది. ఇష్టం లేదు, కాదని చెప్పలేడు.

మిస్ ఐవీ ఇద్దరూ ఉన్న పాట నమూనా ఒకటి పెట్టింది. లెన్నీ పల్లవి అందుకున్నాడు, ఫిట్జ్ ఇంకా రాలేదు. ఆవిడ ఉన్నట్టుండి ముల్లు ఎత్తేసింది. ఎవరూ కౌంటరు బాదలేదే అనుకుంటూ తలెత్తాను. ఆవిడ ముల్లు పట్టుకుని నావంకే చూస్తోంది.

"మళ్ళీ మొదటినుంచి" అంది, నాతోనే. ముల్లు పాట మొదట్లో దించింది.

పాటంతా అయ్యేదాకా ఎవరూ కదల్లేదు. నేల మీద పాదం ఆనించాను. రైలొస్తుందేమో అనుకున్నాను, రాలేదు.

"మిస్టర్ కెల్లర్" అన్నాను, "ఆవేళ మీకు అబద్ధం చెప్పాను. మీరది వినాలనుకుంటున్నారని చెప్పాను. లెన్నీ ఒక్కడే పాడితే వింటాను, బాగానే ఉంటుంది. ఇద్దరూ ఉంటే వంట ఆపేసి నేనూ వాళ్ళకి జవాబు చెబుతాను. ఇంట్లో నా క్యాసెట్‌లో ఇద్దరూ ఉన్నారు."

కెల్లర్ మొహం చిన్నబోయింది. నా జీవితంలో ఒక అతిథి మొహం నా మాట వల్ల చిన్నబోవడం అదే మొదటిసారి. భూమి బద్దలవుతుందనుకున్నాను, కాలేదు. అతను "థాంక్యూ" అని తన కాగితాలు సర్దుకోసాగాడు. అప్పుడు లెన్నీ చేతిలో అట్టముక్క పక్కన పెట్టాడు. "నేనూ అదే చెప్పాలనుకుంటున్నాను. ఫిట్జ్ లేకపోతే నేను లేను" అన్నాడు. పాడే గొంతు కాదది, ఎండిపోయిన గొంతు.

వారం తర్వాత కెల్లర్ ఫోన్ చేసి సగం ఒప్పుకున్నాడు. రేడియోలో మోగిన పాట అలాగే ఉంటుంది, మిగతా ఆల్బమంతా ఇద్దరూ ఉంటారు, అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. మిస్ ఐవీ సంతకం చేసింది. లెన్నీ ఒక్కడి పాట కోసం ఆ ఆల్బం కొనుక్కెళ్ళినవాళ్ళు మళ్ళీ రైలెక్కి వచ్చేవాళ్ళు. "ఆ రెండో ఆయన ఎవరు? ఆయనవి ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగేవాళ్ళు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నేను మొదటి ఆల్బం తీసి, మంగలి కుర్చీలో నాలుక బయటపెట్టిన మనిషిని వేలితో చూపించేదాన్ని.

ఫిట్జ్‌కి క్షమాపణ చెప్పడానికి రెండు రోజులు వల్లించుకున్నాను. తీరా ఎదురుపడ్డాక "ఆ రోజు అబద్ధం చెప్పాను" అని మాత్రం అనగలిగాను. "ఇప్పుడు చెప్పేది నమ్మొచ్చా?" అన్నాడు. నమ్మమన్నాను. "అయితే నేనూ ఒక నిజం చెబుతా. మీరిచ్చే ఆ ఊరగాయ తిన్నప్పుడల్లా నా గొంతు రెండ్రోజులు పనిచెయ్యదు. మీరు బాధపడతారని రెండేళ్ళుగా తింటున్నాను" అన్నాడు. మిస్ ఐవీ వెనక గదిలోంచి పగలబడి నవ్వింది.

తర్వాత మావారికి టెక్సాస్‌లో ఉద్యోగం వచ్చింది. ఇర్వింగ్‌లో కొన్నేళ్ళు, ఆ తర్వాత ఇక్కడ. మిస్ ఐవీ మోకాళ్ళు నొప్పి పెట్టి కొట్టు మూసేసి కూతురి దగ్గరికి ఫ్లోరిడా వెళ్ళింది. పండక్కి ఫోన్ చేస్తే "ఎలా ఉన్నావు?" అని అడిగేది. అలవాటు కొద్దీ బావున్నానంటే అవతల ఏమీ వినపడేది కాదు. చేతిలో ముల్లు పట్టుకుని ఆగినట్టుండేది. నేను గొంతు సవరించుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పేదాన్ని, మా అమ్మాయి జ్వరం సంగతీ, నా ఒంటరితనం సంగతీ. ఆవిడ పోయిందని కూతురు ఫోన్ చేసిన రోజున, "ఎలా ఉన్నారు?" అని ఆ కూతురు కూడా వాళ్ళమ్మలాగే అడిగింది. బాలేనమ్మా అని చెప్పి ఏడ్చాను.

ఇదంతా గుర్తొచ్చేసరికి పప్పు ఉడికిపోయింది. స్టవ్ కట్టేసి, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కాను. మేఘన చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని లాప్‌టాప్ ముందుంది. నన్ను చూసి తీసింది.

"కన్నా, ఇందాక అబద్ధం చెప్పాను."

"వెయిట్, వాట్? నువ్వు లై చేశావా అమ్మమ్మా?"

"చేశాను. పాట బావుంది. కానీ అందులో జోయీ గొంతు నాకు సరిగ్గా వినపడలేదు. నీది ఒక్కటే వినపడింది."

దాని మొహం చిన్నబోయింది. నా చేయి దాని తల నిమరడానికి లేచింది, ఏం లేదులే తల్లీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. రెండింటినీ ఆపుకుని నిలబడ్డాను. అది తెర వైపు తిరిగింది. "నేనే తగ్గించాను" అంది మెల్లగా. "నాది బెటర్‌గా వినిపించాలని. జోయీ ఏమీ అనలేదు. ఓకే అంది."

"ఓకే అంటుంది, నీ మొహం చూసి" అన్నాను.

మేఘన తెర మీద జోయీ గొంతు గీతని వేలితో పైకి జరిపింది, హెడ్‌ఫోన్ల తీగ పీకేసి స్పీకరు పెట్టింది. నేను చెప్పులు విడిచి, పాదం నేలకి ఆనించి మంచం అంచున కూర్చున్నాను.

"మళ్ళీ మొదటినుంచి పెట్టు" అన్నాను.